కప్ప దారి గుర్తుపెట్టుకునేది కంటితోనా, ఒంటితోనా?

జంతువుల తెలివిని పరీక్షించే చిక్కుదారుల్లో అన్నిటికన్నా సాదాది 'టి' ఆకారపుది. ఒక నడవ, దాని చివర ఎడమకో దారి, కుడికో దారి, అంతే. ఉత్తర అమెరికాలో ఉండే టైగర్ సాలమాండర్‌ను (కప్పలాగే ఉభయచరం, కానీ తోక ఉండి చూడటానికి బల్లిలా ఉంటుంది) అందులో వదిలి, ఒక వైపు తిరిగినప్పుడు మాత్రమే బహుమతి ఇస్తూ పోతే కొన్నాళ్లకు అది ఆ వైపే తిరగడం నేర్చుకుంటుంది. ఇంతవరకు ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. అయితే అది నేర్చుకున్నది ఏమిటి? 'చివరికి వెళ్లాక ఎడమకు తిరగాలి' అనా? లేక 'గదిలో ఫలానా మూలకు వెళ్లాలి' అనా? చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే చిక్కుదారిని తిప్పి పెట్టాలి. మలుపును గుర్తుపెట్టుకున్న జంతువు మళ్లీ ఎడమకే తిరుగుతుంది. చోటును గుర్తుపెట్టుకున్న జంతువు పాత చోటును వెతుక్కుంటూ ఈసారి కుడికి తిరుగుతుంది.

2016లో 'యానిమల్ కాగ్నిషన్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం సరిగ్గా ఇదే చేసింది. తిప్పిపెట్టిన చిక్కుదారిలోనూ సాలమాండర్లు అలవాటైన మలుపే తిరిగాయి. పరిశోధకులు అంతటితో ఆగలేదు. రెండో ప్రయోగంలో, దారి చీలేచోట రెండు వేర్వేరు దృశ్య సంకేతాలు పెట్టారు. వాటిలో ఒకదాని వైపు తిరిగితే బహుమతి. నేర్చుకున్నాక ఆ సంకేతాలను ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చూశారు. సాలమాండర్లు సంకేతాన్ని పట్టించుకోలేదు, పాత మలుపే తిరిగాయి. ఇక్కడే ఆపేసి ఉంటే 'వీటికి కంటి గుర్తులు పనికిరావు' అని రాసేసేవారు. మూడో ప్రయోగం ఆ మాటను మార్చింది. ఈసారి నాలుగు దారులు కలిసే కూడలి లాంటి చిక్కుదారి. బయలుదేరే చోటు మారుతూ ఉంటుంది, సంకేతం ఉండే చోటూ మారుతూ ఉంటుంది. ఎడమ, కుడి అనే అలవాటుతో ఇక పని జరగదు. బహుమతి ఎటుందో చెప్పేది సంకేతం ఒక్కటే. అప్పుడు సాలమాండర్లన్నీ సంకేతాన్ని చూసి తిరగడం నేర్చుకున్నాయి. ఆ సంకేతంలోనూ వెనక ఉన్న నేపథ్యం కన్నా ముందు కనిపించే ఆకారాన్నే అవి ఎక్కువగా పట్టించుకున్నాయి.

ఉభయచరాలు కంటి గుర్తులతో దారి నేర్చుకోగలవా అనే ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు చెప్పబోతే పొరపాటు దొర్లుతుంది. నేర్చుకోగలవు, కానీ అవసరం పడితే తప్ప ఆ దారి పట్టవు. మలుపు అలవాటు సరిపోయినంతసేపు దానితోనే నెట్టుకొస్తాయి. దీన్ని మొద్దుతనం అనుకోనక్కర్లేదు. కరెంటు పోయిన రాత్రి సొంతింట్లో మంచం దగ్గర్నుంచి వంటింటి దాకా మనం వెళ్లేదీ కంటితో కాదు, ఒంటి అలవాటుతోనే. రాలిన ఆకుల కింద, నేల బొరియల్లో బతుకు గడిపే జంతువుకు దూరంగా ఉన్న ఆనవాలు చాలాసార్లు కనిపించనే కనిపించదు. తన ఒళ్లు ఎటు తిరిగిందన్నది మాత్రం చీకట్లోనూ తెలుస్తుంది.

ఉభయచరాల కంటి మీద చిన్నచూపు ఏర్పడటానికి ఒక చారిత్రక కారణం కూడా ఉంది. 1959లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో లెట్విన్, మతురానా, మెక్‌కల్లక్, పిట్స్ కలిసి కప్ప కంటి నరాల మీద చేసిన పరిశోధన చాలా పేరు తెచ్చుకుంది. కప్ప కన్ను లోకాన్ని ఫొటోలాగా ఉన్నది ఉన్నట్టు మెదడుకు పంపదనీ, కంట్లోనే వడపోత జరిగిపోతుందనీ వాళ్లు చూపించారు. ఒక రకం నరపు పోగులు చిన్నగా, నల్లగా, కదిలే వాటికి, అంటే దాదాపు పురుగుల్లాంటి వాటికి, బలంగా స్పందించాయి. చుట్టూ తిండి ఉన్నా అది కదలకపోతే కప్ప ఆకలితో చస్తుందన్న మాట ఆ పరిశోధనతో పాటే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఇక అక్కణ్నుంచి ఒక అడుగు వేస్తే, కదలని వస్తువు కప్పకు కనపడదు కాబట్టి చెట్టూ బండా దానికి ఆనవాళ్లు కాలేవు అనే నిర్ణయానికి వచ్చేయవచ్చు. చాలామంది వచ్చేశారు కూడా.

ఆ అడుగు తప్పని 1973లో డేవిడ్ ఇంగిల్ 'సైన్స్' పత్రికలో చూపించాడు. కప్ప మెదడులో కంటి సమాచారం ముఖ్యంగా చేరే భాగం టెక్టమ్. దాన్ని తొలగించిన కప్పలు ఎదురుగా కదిలే ఎర మీదికి దూకడం మానేశాయి. మీదికి వచ్చే ప్రమాదానికీ స్పందించలేదు. కానీ దారికి అడ్డంగా పెట్టిన, కదలని కంచెను మాత్రం చక్కగా తప్పించుకుని దూకాయి. కంటి నరాలు తిరిగి పెరిగేటప్పుడు మెదడులో పొరపాటున రెండో పక్కకు చేరిన కప్పల్లో ఇంకో వింత బయటపడింది. ఎర కుడివైపు కనిపిస్తే అవి ఎడమవైపు దూకేవి, అద్దంలో చూసి దూకినట్టు. అదే కప్పలు అడ్డాన్ని మాత్రం సరైన వైపు నుంచే తప్పించుకునేవి. ఎరను పట్టే చూపు వేరు, చోటును చూసే చూపు వేరు, రెండూ మెదడులో వేర్వేరు చోట్లకు పోతాయన్నమాట. 1959 నాటి పరిశోధన తప్పేమీ కాదు. అది మొదటి చూపు గురించి చెప్పింది, చదివినవాళ్లు దాన్ని కప్ప చూపు మొత్తానికీ అంటగట్టారు.

చీకటి విషయంలోనూ ఇలాంటి తొందరపాటే జరిగింది. రాత్రి తిరిగే జంతువుకు రంగులతో పనేముంది అనిపిస్తుంది. మన కంట్లో మసక వెలుతురుకు పనిచేసే రాడ్ కణాలు ఒక్క రకమే, అందుకే చీకట్లో మనకు రంగులు తెలియవు. కప్పల్లో, వాటిలోనే గరుకు చర్మం ఉండే రకమైన టోడ్లలో రాడ్ కణాలు రెండు రకాలు ఉంటాయి. ఒకటి ఆకుపచ్చ వెలుతురుకు, ఇంకొకటి నీలం వెలుతురుకు ఎక్కువగా స్పందిస్తుంది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ బృందం 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మనకు ఏమీ కనిపించనంత చీకట్లో కూడా ఐరోపా కప్పలు ఈ రెంటి సాయంతో రంగుల తేడా పసిగట్టగలవు. అంటే రాత్రి అడవిలోనూ కంటి గుర్తులు పూర్తిగా చెరిగిపోవు.

ఇక తెలివి పరీక్షలు. ఉభయచరాలకు దశాబ్దాల తరబడి మొద్దు జంతువులనే పేరు ఉండిపోవడానికి సగం కారణం పరీక్ష పెట్టిన తీరే అని ఒప్పుకోవాలి. ఎలుకకు ఆకలి వేయించి, తిండి ఆశ చూపించి నేర్పిస్తారు. కప్పకు అది పారదు. చల్లని నెత్తురు జంతువు కాబట్టి తక్కువ తిండితో రోజులు నెట్టుకురాగలదు. ఒకసారి కడుపు నిండితే మళ్లీ తిండి కోసం పరుగెత్తాల్సిన అవసరం దానికి లేదు. మరి దాన్ని కదిలించేది ఏది?

అర్జెంటీనా పరిశోధకుడు రుబెన్ ముజియో బృందానికి దొరికిన జవాబు నీళ్లు. వాళ్లు ఎంచుకున్నది రైనెల్లా అరెనారమ్ అనే టోడ్. గరుకు చర్మంతో, ఎక్కువగా నేల మీదే తిరిగే కప్ప ఇది. వానాకాలం సాయంత్రాల్లో మన వీధి దీపాల కింద పురుగుల కోసం కాచుకు కూర్చునే గోదురుకప్పల కుటుంబానికే చెందింది. టోడ్ నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. ఒంట్లో నీరు తగ్గి బరువు మామూలులో 80 శాతానికి పడిపోయిన టోడ్‌కు, లోపల నిలబడగలిగేన్ని నీళ్లున్న చిన్న తొట్టెకు మించిన బహుమతి లేదు. పైగా ముందూ తర్వాతా తూకం వేస్తే అది ఎన్ని నీళ్లు పీల్చుకుందో లెక్క తేలిపోతుంది. పద్ధతి ఇలా కుదిరాక టోడ్లు ఒక్కసారిగా తెలివైనవి అయిపోయాయి. నిజానికి మారింది టోడ్లు కావు, ప్రశ్న అడిగిన తీరు.

ఈ బృందం 2015లో ప్రకటించిన ప్రయోగం చూడదగ్గది. తెల్లటి దీర్ఘచతురస్రపు పెట్టె, నాలుగు మూలల్లో నాలుగు నీళ్ల తొట్లు. మొదటి ప్రయోగంలో గోడలన్నీ ఒకే తెలుపు, గుర్తులేమీ లేవు. అయితే దీర్ఘచతురస్రానికి ఒక సొంత లక్షణం ఉంది: 'ఎడమ పక్క పొడవు గోడ, కుడి పక్క పొట్టి గోడ' అని చెబితే అది ఒక్క మూలకే కాదు, దానికి ఐమూలగా ఎదురుగా ఉన్న మూలకూ సరిపోతుంది. అందుకే నీళ్లు అందేది ఆ రెండు మూలల్లోనే. టోడ్లు వాటిని నేర్చుకున్నాయి. పెట్టె ఆకారం తప్ప ఇంకే ఆధారమూ లేని చోట, ఆకారాన్నే ఆధారం చేసుకున్నాయి. రెండో ప్రయోగంలో ఒక గోడకు రంగు పలక తగిలించారు. ఇప్పుడు నీళ్లు ఒక్క మూలలోనే. పలకను కూడా కలుపుకుని టోడ్లు ఆ ఒక్క మూలనూ నేర్చుకున్నాయి. చివరికి పెట్టె ఆకారాన్ని, పలక ఉన్న చోటును మార్చి చూశారు. టోడ్లకు రెండూ తెలుసు కానీ ఆకారం చెప్పే మాటే వాటికి ఎక్కువ బలంగా వినిపిస్తుందని తేలింది.

రంగు పలక కన్నా గోడల పొడవును ఎందుకు నమ్ముకోవాలి? బయట బతికే జంతువు వైపు నుంచి చూస్తే ఇది సబబే అనిపిస్తుంది. ఒక పువ్వు రాలిపోతుంది, ఒక కొమ్మ విరిగిపోతుంది, గడ్డి రంగు ఎండకు మారిపోతుంది. ఒడ్డు వంపు, బండల మధ్య ఎడం, నేల వాలు అంత తొందరగా మారవు. చేపలు, పక్షులు, ఎలుకలు, చిన్నపిల్లలు కూడా ఇలాంటి పెట్టెల్లో ఆకారాన్ని పట్టించుకుంటారు కాబట్టి, వెన్నెముక గల జీవులన్నిటికీ ఇది పాత ఆస్తి అయి ఉండాలని ముజియో బృందం అభిప్రాయం. మెదడు వైపు నుంచి కూడా దీనికి మద్దతు ఉంది. మనలో చోటు జ్ఞాపకానికి ఆయువుపట్టు హిప్పోకాంపస్. ఉభయచరాల్లో దానికి సాటి వచ్చే భాగాన్ని మీడియల్ పాలియం అంటారు. ఆకారాన్ని బట్టి దారి వెతికే టోడ్లలో ఈ భాగం చురుకవుతుందని 2016లో అదే బృందం చూపించింది. పొరలు పొరలుగా మడతపడ్డ పెద్ద మెదడు లేకపోయినా చోటును నేర్చుకునే యంత్రాంగం ముందే ఉందన్నమాట.

టోడ్‌కు ఒక మూల గుర్తుంటే సరిపోవచ్చు. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లోని విషకప్పలకు అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. వీటిలో చాలా జాతులు గుడ్లను నేల మీద, ఆకుల్లో పెడతాయి. గుడ్లు పిగిలాక ఆ తోకకప్పలను తల్లో తండ్రో వీపున ఎక్కించుకుని నీటి గుంటలకు చేరవేయాలి. ఆ గుంటలు చిన్నవి, చెల్లాచెదురుగా ఉండేవి, కొన్ని వాన వెలిసిన కొన్నాళ్లకే ఎండిపోయేవి. ఏ గుంట ఎక్కడుందో గుర్తులేని కప్ప సంతానం బతకదు. జ్ఞాపకానికి ఇంత ఖరీదు కట్టే జీవితం ఉభయచరాల్లో అరుదు.

అందుకే ఉత్తర కరోలైనా విశ్వవిద్యాలయంలో సబ్రీనా బర్మీస్టర్ బృందం ఆకుపచ్చ, నలుపు మచ్చల విషకప్పను ఎంచుకుంది. 2016లో వచ్చిన మొదటి అధ్యయనంలో సరైన జవాబును పదేపదే తిరగేశారు. నిన్నటిదాకా ఒప్పయింది ఇవాళ తప్పు, తప్పయింది ఒప్పు. తిరగేసే కొద్దీ కప్పలు చేసే తప్పులు తగ్గుతూ వచ్చాయి. పాఠాన్ని నేర్చుకోవడమే కాదు, పాఠం మారితే ఎలా మారాలో కూడా అవి నేర్చుకుంటున్నాయి. 2019 అధ్యయనం ఇంకా కష్టమైనది. గుండ్రటి నీటి తొట్టెలో ఎక్కడో ఒకచోట, నీటి మట్టానికి కాస్త కింద ఒక చిన్న దిమ్మె ఉంటుంది. ఈదేవాళ్లకు అది కనిపించదు. చుట్టూ ఉన్న దృశ్య సంకేతాలను బట్టి దాని చోటును అంచనా కట్టాల్సిందే. ఎలుకల కోసం తయారైన పరీక్ష ఇది. కప్పలకు పెడితే ఒక చిక్కు వస్తుంది. చాలా కప్పలు తొట్టె గోడను రాసుకుంటూ చుట్టూ తిరుగుతాయి, అలా తిరిగీ తిరిగీ ఎప్పుడో ఒకప్పుడు దిమ్మెకు తగులుతాయి. పరిశోధకులు గోడ పట్టుకుని తిరగడం లాభసాటి కాకుండా పరీక్షను మార్చారు. అప్పుడు విషకప్పలు, వేర్వేరు చోట్ల నుంచి వదిలినా, దిమ్మె ఉన్న చోటుకే తిన్నగా ఈదాయి. మలుపుల వరసను కంఠతా పట్టిన జంతువు ఇలా చేయలేదు. గుర్తులకూ గమ్యానికీ మధ్య ఎడాన్ని తలలో మోసే జంతువే చేయగలదు. పరిశోధకులు దాన్ని మానసిక పటం అన్నారు. ఆ మాట వాడినప్పుడల్లా శాస్త్రవేత్తల్లో వాదన మొదలవుతుంది, అది వేరే కథ.

అదే ఖండంలో ఉండే టుంగారా కప్ప పిల్లలను మోయదు. నీటి మీద నురగ గూడు కట్టి గుడ్లు అందులో వదిలి వెళ్లిపోతుంది. దానికి చోటు నేర్చుకునే శక్తి లేదని కాదు, కానీ పాఠం మారినప్పుడు విషకప్ప చూపించే చురుకుదనం దానిలో కనిపించదు. రెండే జాతులను పక్కపక్కన పెట్టి జీవన విధానానికీ తెలివికీ ముడిపెట్టడం కొంచెం సాహసమే. భూమ్మీద ఉభయచరాలు 8 వేలకు పైగా జాతులుంటే చిక్కుదారి ఎక్కినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అయినా ఊహ మాత్రం పరీక్షకు నిలబడేలా ఉంది.

ప్రయోగశాల బయట ఏం జరుగుతుందో చెప్పేవి ఫ్రెంచ్ గయానాలోని నూరాగ్ అడవిలో ఆండ్రియస్ పాషుకోనిస్, సహచరులు చేసిన అధ్యయనాలు. వాళ్లు చూసిన అల్లోబేటిస్ ఫెమొరాలిస్ మగకప్ప బొటనవేలంత ఉంటుంది, తనకంటూ ఒక జాగా పెట్టుకుని అక్కడే కూత పెడుతుంది. తోకకప్పలను వీపున మోస్తూ ఒక్కోసారి నూరు మీటర్లకు పైగా వెళ్తుంది. ఈ కప్పలను పట్టి దూరంగా వదిలారు. 200 మీటర్ల లోపు వదిలినవి చాలావరకు తిరిగి వచ్చాయి, 400 మీటర్లకు ఆ సంఖ్య బాగా పడిపోయింది. వెనక్కి వచ్చే తీరు ఇంకా ఆసక్తికరం. వదిలిన చోటే చాలాసేపు కదలకుండా కూర్చుని, కదిలాక మాత్రం దాదాపు తిన్నగా ఇంటిదారి పట్టేవి. వెతుకుతూ తిరిగే జంతువు నడక అలా ఉండదు.

2014లో వచ్చిన ఫలితం అసలు గుట్టు విప్పింది. కొన్ని కప్పలను అవి మామూలుగా మసలే ప్రాంతంలోనే దూరంగా వదిలారు. కొన్నింటిని అవి ఎన్నడూ వెళ్లి ఉండని వైపున, నదికి అవతల వదిలారు. మొదటివి ఇల్లు చేరాయి. రెండోవాటికి దారి తెలియలేదు. దిక్సూచి లాంటి పుట్టుశక్తి ఒక్కటే ఉంటే నది అడ్డం కాకూడదు. తెలిసిన నేలే వాటికి దారి, అంటే అనుభవంతో నేర్చుకున్నదే. నూతిలో కప్ప అనే సామెత ఈ ఒక్క విషయంలో కప్పను సరిగానే పట్టుకుంది, నూతి వైశాల్యాన్ని మాత్రం చాలా తక్కువ అంచనా వేసింది. 2016లో అదే బృందం ఇంకోటి చూపించింది: కృత్రిమ నీటి గుంటలు పెట్టి, కప్పలకు అలవాటయ్యాక వాటిని తీసేస్తే, తోకకప్పలను మోస్తున్న కప్పలు గుంటలు లేని ఆ ఖాళీ చోట్లకే వచ్చి వెతికాయి. నీటి వాసనో తేమో వాటిని లాగి ఉంటే ఖాళీ చోటుకు రావాల్సిన పని లేదు.

అయితే 'చోటు గుర్తుంది' అన్నంత మాత్రాన 'కంటితోనే గుర్తుంది' అని కాదు. ఇక్కడ జాగ్రత్త అవసరం. కాలిఫోర్నియాలో విక్టర్ ట్విటీ 1950ల నుంచి ఎర్రపొట్ట న్యూట్ల (ఇవీ ఒక రకం సాలమాండర్లే) మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. కిలోమీటర్ల దూరాన వదిలినా అవి తమ వాగులోని తమ చోటికే తిరిగి వచ్చేవి. చూపు తీసేసిన న్యూట్లు కూడా వచ్చేశాయి. 1968లో ఆయన బృందం వాసన నరాలు తెగిన న్యూట్లను పరీక్షించి, ఇంటికి దారి చూపేది ముఖ్యంగా వాసన అని తేల్చింది. మరోపక్క ఫ్రెంచ్ గయానాలోనే కేన్ టోడ్ల మీద 2022లో వచ్చిన అధ్యయనంలో ఒక కిలోమీటరు దాకా దూరంగా వదిలిన టోడ్లు కూడా తిరిగి వచ్చాయి. తర్వాత వచ్చిన మరో అధ్యయనంలో, వాసన శక్తి పోగొట్టినా, అయస్కాంతం తగిలించి భూ అయస్కాంత సంకేతాన్ని చెడగొట్టినా కేన్ టోడ్లు ఇల్లు చేరాయి. ఒక జాతిలో ముక్కు లేనిదే దారి లేదు, ఇంకో జాతిలో ముక్కు లేకపోయినా దారి ఉంది.

దీనికి మరో మెలిక కూడా ఉంది. జాన్ ఫిలిప్స్ తూర్పు అమెరికాలోని ఎర్రమచ్చల న్యూట్లలో భూ అయస్కాంత దిక్సూచి ఉందని నిరూపించాడు. 1992లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఆయన ప్రయోగంలో, గదిలో వెలుతురును పసుపు, ఎరుపు లాంటి పొడవు తరంగాలకు పరిమితం చేస్తే న్యూట్లు పట్టే దిక్కు 90 డిగ్రీలు పక్కకు జరిగింది. అయస్కాంతాన్ని పసిగట్టడానికే వెలుతురు కావాలన్నమాట. 1999 నాటికి ఆ వెలుతురును అందుకునేది కళ్లు కావనీ, నడినెత్తి కింద మెదడులో ఉండే పీనియల్ భాగమనీ తేలింది. ఉభయచరానికి 'చూపు' అన్నప్పుడు రెండు కళ్ల లెక్కే వేసుకుంటే ఇలాంటివి చేజారిపోతాయి. లైట్లు ఆర్పేస్తే జంతువు దారి తప్పింది కాబట్టి అది గోడ మీది గుర్తులను చూసే నడుస్తోంది అని తేల్చేయడం కుదరదు. ఆర్పింది దిక్సూచినే కావచ్చు.

ఒక్కో ఇంద్రియాన్ని మూసి చూసే ప్రయోగాలకు ఉన్న పరిమితి కూడా ఇదే. ముక్కు మూసినా జంతువు ఇల్లు చేరితే, ముక్కు వాడటం లేదని అర్థం కాదు. ముక్కు లేకపోయినా గడుస్తుందని మాత్రమే అర్థం. కన్ను, ముక్కు, అయస్కాంతం, మలుపు అలవాటు అన్నీ చేతిలో ఉన్నప్పుడు ఆ రోజుకు ఏది నమ్మదగ్గదో దాన్ని పట్టుకోవడం అడవి జీవితానికి నప్పే పద్ధతి. కాబట్టి ఇకమీదట ప్రయోగాలు అడగాల్సింది ఏ ఇంద్రియం అని కాదు, రెండు ఇంద్రియాలు చెరో దిక్కు చూపించినప్పుడు జంతువు ఎవరి మాట వింటుంది అని. ముజియో పెట్టెలో పలకనూ ఆకారాన్నీ విడదీసి అడిగినది అలాంటి ప్రశ్నే.

ఈ వివరాలకు ప్రయోగశాల బయట ఉపయోగమూ ఉంది. చెరువు పూడ్చేటప్పుడో రోడ్డు వేసేటప్పుడో అక్కడి కప్పలను పట్టి కొత్త చోట వదిలితే పని అయిపోయిందని అనుకుంటారు. పెద్ద కప్పలు పాత నేలను ఏళ్లుగా నేర్చుకుని ఉంటాయి. కొత్త చోటు ఆ తెలిసిన నేల అంచుల్లోనే ఉంటే, రోడ్డు దాటి మరీ వెనక్కి బయలుదేరతాయి. మరీ దూరమైతే, ఏ గుంట ఎక్కడుందో మొదటి నుంచి నేర్చుకోవాలి, అదీ గుడ్లు పెట్టే కాలం గడిచిపోయే లోపు. నేర్చుకోవడానికి పట్టే ఆ కాలాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఎన్ని కప్పలను తరలించామో మాత్రమే లెక్కపెడితే, వాటిలో ఎన్ని బతికి బట్టకట్టాయో ఆ అంకె చెప్పదు.